వరద శిబిరాలకు వెళ్ళే కౌన్సెలర్లకు మూడు రోజుల శిక్షణ: ఈ టైంటేబుల్‌లో తప్పులు చెప్పండి

బందరుకాలువ · సోమవారం రాత్రి 9:10

విజయవాడలో వానలు ముదిరేలోగా 30 మందికి శిక్షణ పెట్టాలనుకుంటున్నాం. 22 మంది సైకాలజీలో పీజీ చేసినవాళ్ళు, 8 మంది స్కూల్ కౌన్సెలర్లు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి మీద పడినట్టు మళ్ళీ పడితే సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు శిబిరాల్లో పనిచెయ్యడానికి వీళ్ళు సిద్ధంగా ఉండాలి. చిత్తు టైంటేబుల్ ఇది:

1వ రోజు: ట్రామా సిద్ధాంతాలు, మెదడులో జరిగే మార్పులు, పీటీఎస్‌డీ (ఘోరం జరిగి నెల దాటినా వదలని మనసు గాయం) లక్షణాలు.
2వ రోజు: కౌన్సెలింగ్ మెళకువలు, పీసీఎల్-5 (పీటీఎస్‌డీ లక్షణాలు కొలిచే) ప్రశ్నావళి, బాధితులతో గ్రూప్ డీబ్రీఫింగ్.
3వ రోజు: ఈఎండీఆర్ (కళ్ళు అటూ ఇటూ కదిలిస్తూ చేసే ట్రామా చికిత్స) పరిచయం, ధ్యానం, రాతపరీక్ష, సర్టిఫికెట్లు.

మొహమాటం లేకుండా చెప్పండి.

అరండల్‌పేట ట్రైనర్ · సోమవారం రాత్రి 10:02

మొహమాటం వద్దన్నారు కాబట్టి చెబుతున్నా. మూడు ముక్కలు ముందు కొట్టెయ్యండి.

ఒకటి, గ్రూప్ డీబ్రీఫింగ్. జరిగినదంతా ఒక్క విడతలో అందరిచేతా చెప్పించి పంపెయ్యడం పీటీఎస్‌డీని ఆపదని పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. కొందరికి తర్వాత ఇంకా ఎక్కువైందని కూడా తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంటోంది. అయినా మన శిక్షణల్లో ఇంకా ఎందుకు ఉంటుందంటే, గదిలో అందరూ ఏడుస్తారు, నడిపినవాళ్ళకి ఏదో జరిగిందన్న తృప్తి మిగులుతుంది.

రెండు, పీసీఎల్-5. అందులో 20 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 80. గడిచిన నెల రోజుల సంగతి అడుగుతుంది. నీళ్ళు వచ్చిన ఐదో రోజున అది చేతికిస్తే సింగ్‌నగర్‌లో సగం మందికి పీటీఎస్‌డీ అనుమానించే గీత 31-33 దాటుతుంది. ఆ అంకెకి అప్పుడు అర్థం లేదు. నిద్ర పట్టకపోవడం, చప్పుడికి ఉలిక్కిపడటం, అదే దృశ్యం కళ్ళముందు తిరగడం మొదటి వారాల్లో చాలామందికి ఉంటాయి, చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. నెల దాటినా తగ్గకపోతేనే పీటీఎస్‌డీ అనే మాట. 3 రోజుల నుంచి నెల దాకా ఉండేదానికి అక్యూట్ స్ట్రెస్ డిజార్డర్ అని వేరే పేరుంది.

మూడు, ఈఎండీఆర్ పరిచయం. రెండు గంటల పరిచయంతో సగం నేర్చినవాడు శిబిరంలో వేళ్ళు ఊపడం మొదలుపెడతాడు. అది పూర్తి శిక్షణ, పర్యవేక్షణ ఉన్నవాళ్ళు కుదురైన గదిలో చేసే చికిత్స. చాప మీద, పక్కన అన్నం వడ్డిస్తుంటే చేసేది కాదు.

వీటి చోట సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్ పెట్టండి. 2011 నాటి డబ్ల్యూహెచ్‌ఓ పుస్తకంలో దాన్ని మూడు పనులుగా చెప్పారు. తెలుగులో మేం చూడు, విను, కలుపు (కావాల్సిన సాయంతో, మనుషులతో కలపడం) అంటాం. మూడోదే మీ టైంటేబుల్‌లో అసలు లేదు. శిబిరంలో నూటికి డెబ్బై పాళ్ళు దాని పనే.

సాయంత్రం బ్యాచ్ · సోమవారం రాత్రి 10:31

సర్, అయితే బాధ చెప్పుకోనివ్వద్దంటారా? మన దగ్గర ఎవరైనా పోతే పది రోజులు ఇంటి ముందు కూర్చుని చెప్పుకోవడమేగా మందు?

అరండల్‌పేట ట్రైనర్ · సోమవారం రాత్రి 10:50

పరామర్శకీ డీబ్రీఫింగ్‌కీ పోలికే లేదు. పరామర్శకొచ్చేది తెలిసినవాళ్ళు. చెప్పేది చెప్పాలనిపించినప్పుడే. మాట రాకపోతే ఊరికే కూర్చుంటారు, మర్నాడు మళ్ళీ వస్తారు. డీబ్రీఫింగ్‌లో తెలియనివాడు వచ్చి, గంటన్నరలో, వరసపెట్టి అందరిచేతా చెప్పించి వెళ్ళిపోతాడు. పక్కవాడి ఇంట్లో జరిగింది కూడా విని మనసులో వేసుకోవాలి.

మనిషి చెబితే వినండి, ఎంతసేపైనా. తవ్వి మాత్రం తీయొద్దు. "అప్పుడేం చూశారు? తర్వాత? ఆయన చెయ్యి ఎలా జారింది?" ఈ రకం ప్రశ్నలు పోలీసువి, విలేకరివి.

నైట్ డ్యూటీ · మంగళవారం ఉదయం 6:15

సైకియాట్రీ వార్డు వైపు నుంచి ఒక మాట. మీ 30 మందిలో ఎంతమందికి ఒంటి జబ్బుకీ మనసు బాధకీ తేడా పట్టుకోవడం వచ్చు? శిబిరంలో మొదటి వారం ప్రాణం మీదికి వచ్చేవి ఎక్కువగా ఇవే.

తాగుడు ఉన్నట్టుండి ఆగిపోయినవాళ్ళు. నీళ్ళు చుట్టుముట్టి మేడ మీద ఇరుక్కుంటే మందు దొరకదు. రోజూ బాగా తాగే మనిషికి ఆఖరి గ్లాసు తర్వాత ఆరేడు గంటలకే చేతుల వణుకు, చెమట, గాబరా మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య లేనివి కనబడటం, ఎక్కడున్నాడో తెలియకపోవడం. పాముల్ని చూపిస్తున్నాడంటే వరదలో చూసిన పాములే గుర్తొస్తున్నాయని మన కౌన్సెలర్ ఊపిరి వ్యాయామం చేయిస్తాడు. ఆ మనిషిని ఆసుపత్రికి పంపకపోతే చనిపోవచ్చు. చెయ్యి చాపించి చూడండి, వణుకుతోందా? ఆఖరిసారి ఎప్పుడు తాగారో అడగండి. నేరం అడిగినట్టు కాకుండా, షుగర్ ఉందా అని అడిగినట్టు.

మాత్రలు కొట్టుకుపోయినవాళ్ళు. "రోజూ వేసుకునే మాత్రలు ఏమన్నా ఉన్నాయా? ఇప్పుడు మీ దగ్గరున్నాయా?" ఈ రెండు ప్రశ్నలూ మొదటి ఐదు నిమిషాల్లో రావాలి. మూర్ఛ మాత్ర ఆగితే రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు. బీపీ, షుగర్ సరేసరి. బైపోలార్ జబ్బుకి లిథియం మాత్రలు వాడేవాళ్ళ విషయంలో గండం రెండోవైపు నుంచి కూడా ఉంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది, నొప్పులకి డైక్లోఫెనాక్ మింగితే ఇంకా పెరుగుతుంది. చేతులు ముతకగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం కనబడితే వెంటనే శిబిరం డాక్టరుకి చూపించండి. మీరు మందు మార్చొద్దు.

ఇంకోటి. నిద్ర పట్టట్లేదంటే మెడికల్ షాపులో అల్ప్రజోలం అనే మత్తుమాత్ర తెచ్చుకోమని చెప్పే పెద్దమనుషులు ఉంటారు. ఘటన జరిగిన మొదటి నెలలో ఈ బాధకి ఆ రకం మాత్రలు వద్దని డబ్ల్యూహెచ్‌ఓ సలహా.

2020 మే 7న విశాఖలో స్టైరీన్ వాయువు లీకైన లాంటి సందర్భమైతే ఆయాసాన్ని గాబరా అనుకోవడమే పెద్ద తప్పు. ముందు ఊపిరితిత్తులు చూపించాలి, తర్వాతే మాటలు.

బందరుకాలువ · మంగళవారం ఉదయం 8:20

ఇది టైంటేబుల్‌లో లేనే లేదు. గంటన్నర మీకే ఇస్తే వస్తారా మేడమ్?

నైట్ డ్యూటీ · మంగళవారం ఉదయం 8:41

రెండు గంటలైతే వస్తాను. స్లైడ్లు వద్దు, పది కేసులు చీటీల మీద రాసి తెస్తాను. ఒక్కో చీటీ తీసి "మాటలా, డాక్టరా, 108నా" అని ఒక నిమిషంలో తేల్చాలి.

ఎమ్మెస్సీ రెండో ఏడాది · మంగళవారం మధ్యాహ్నం 1:05

అందరూ "సహజంగా మాట్లాడండి" అంటారు. అసలు మొదటి మాట ఏంటి? ఎవరూ చెప్పరు.

అరండల్‌పేట ట్రైనర్ · మంగళవారం మధ్యాహ్నం 2:30

చెబుతా. మేం రోల్‌ప్లేకి వాడే ఒక సన్నివేశం. స్కూలులో శిబిరం. మెట్ల మీద యాభై ఏళ్ళావిడ కూర్చుంది, ఒళ్ళో తడిసిన ప్లాస్టిక్ కవరు. భోజనాల లైను కదులుతున్నా లేవలేదు.

మామూలుగా జరిగేది: కౌన్సెలర్ ఎదురుగా నిలబడి, మెళ్ళో ఐడీ కార్డుతో, "నమస్తే అమ్మా, నేను సైకాలజిస్టుని. మీరెలా ఫీలవుతున్నారు?" ఆవిడకి వినబడేది "నన్ను పిచ్చిదాన్నంటున్నారు" అని. "బానే ఉన్నా బాబూ" అంటుంది. సంభాషణ అయిపోయింది.

చెయ్యాల్సింది: పక్కనే, ఒక మెట్టు కింద కూర్చోండి. "అమ్మా, నేను ఈ శిబిరంలో సాయానికి వచ్చాను. కాసేపు కూర్చోనా?" ఆగండి. తల ఊపితే చాలు. "ఏమన్నా తిన్నారా?" మళ్ళీ ఆగండి. "కవరు తడిసినట్టుందే, కాగితాలా?" ఇక్కడ ఆవిడ మొదటిసారి మీవైపు చూస్తుంది. ఆధార్, బ్యాంకు పుస్తకం, పొలం కాగితం, మనవరాలి సర్టిఫికెట్లు. కాగితాలు ఒకదాన్నుంచి ఒకటి లాగితే చిరుగుతాయి. మధ్యలో పాత పేపరు పెట్టి నీడన, ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. ఆ పని ఇద్దరూ కలిసి చెయ్యండి. చేతికి పనుంటే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. ఆ పది నిమిషాల్లో కొడుకు ఫోను కలవట్లేదన్న సంగతి వస్తుంది. అప్పుడు మీ పని ఫోను, ఛార్జరు, కొడుకు ఉన్న చోటి శిబిరం నంబరు. కలుపు అంటే ఇదే.

నిషేధించిన వాక్యాలు గోడ మీద రాసి అంటిస్తాం. "ధైర్యంగా ఉండండి." "మీకన్నా కష్టపడ్డవాళ్ళున్నారు." "పోయినోళ్ళు ఎలాగూ తిరిగిరారు." "అంతా దేవుడి దయ." "మీ బాధ నాకర్థమైంది." వాటి బదులు "ఇంత జరిగాక నిద్ర పట్టకపోవడంలో వింతేం లేదమ్మా", "ఇప్పటికిప్పుడు ఏది ముందు కావాలి?" లాంటివి. లేదంటే ఏమీ అనకుండా మంచినీళ్ళు అందించండి.

"డబ్బులొస్తాయిలెండి" కూడా నిషేధమే. 2024లో కింది అంతస్తు ఇళ్ళకి 25 వేలు, పై అంతస్తులకి 10 వేలు అన్నారు. ఎవరి ఇల్లు ఏ లెక్కలోకి వస్తుందో తేల్చేది కౌన్సెలర్ కాదు. సచివాలయంలో ఎవర్ని కలవాలో, ఏ కాగితం పట్టుకెళ్ళాలో చెప్పండి. మాటిచ్చి తప్పితే ఆ వీధిలో మీవాళ్ళెవర్నీ మళ్ళీ దగ్గరికి రానివ్వరు.

కొత్తపేట స్కూల్ · మంగళవారం సాయంత్రం 5:15

మాటల గురించే ఇంకోటి. మన కౌన్సెలర్లు పాఠాలు ఇంగ్లీషులో చదివారు. యాంగ్జైటీ, ఫ్లాష్‌బ్యాక్, డిసోసియేషన్ అని చెప్పగలరు, మనిషి "కాళ్ళూ చేతులూ ఆడట్లేదు", "గుండె దడదడలాడుతోంది", "మనసు మనసులో లేదు", "కడుపులో దేవుతోంది", "బుర్ర మొద్దుబారింది" అంటే ఏ గడిలో రాయాలో తెలియదు. ఇలాంటి మాటలు ఓ యాభై పోగుచేసి, ఒక్కోదానికీ "ఎప్పుడు వస్తుంది, ఎంతసేపు ఉంటుంది" అని అడగడం నేర్పండి. గుండె దడ అన్న ప్రతివాళ్ళదీ భయమే అనుకుంటే గుండెపోటు తప్పిపోతుంది.

పిల్లల సంగతి చెబుతాను. ఏడేళ్ళవాడు మళ్ళీ పక్క తడపడం, అమ్మ కొంగు వదలకపోవడం, వరద ఆటే పదేపదే ఆడటం మొదటి వారాల్లో మామూలే. తిట్టొద్దని తల్లికి చెప్పాలి. "వరద బొమ్మ గీయి నాన్నా" అని కాగితం ఇవ్వడం ఈమధ్య ఫ్యాషనైంది. గీస్తే గీయనివ్వండి, చెప్పి గీయించొద్దు, ఆ బొమ్మల్ని ఫొటోలు తీసి పెట్టొద్దు. అన్నిటికన్నా ఎక్కువ పనిచేసేది వేళకి అన్నం, వేళకి ఆట, వేళకి పడక, వీలైనంత త్వరగా బడి. పిల్లల మూలకి ఇద్దరు పెద్దవాళ్ళు ఎప్పుడూ ఉండాలి, ఒక్కరే కాదు. శిబిరంలో పిల్లలపై లైంగిక వేధింపు సంగతి మీ చెవిన పడితే దాచే హక్కు మీకు లేదు. పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం తెలియజెయ్యాల్సిందే. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ప్రతివాళ్ళ జేబులో ఉండాలి. "మీరు చెప్పింది ఎవరికీ చెప్పను" అని ముందే మాటిచ్చేసినవాళ్ళు ఇక్కడే ఇరుక్కుంటారు.

సాయంత్రం బ్యాచ్ · మంగళవారం రాత్రి 8:44

ధ్యానం ఎందుకు తీసెయ్యాలి? అదొక్కటే మనకి బాగా వచ్చు కదా 🙂

అరండల్‌పేట ట్రైనర్ · మంగళవారం రాత్రి 9:20

తీసెయ్యక్కర్లేదు, మార్చండి. ఇప్పుడే నీళ్ళలోంచి వచ్చిన మనిషిని కళ్ళు మూసుకోమంటే కొందరికి నీళ్ళే కనబడతాయి. కళ్ళు తెరిచే ఉంచండి. "కింద చాప తగులుతోందా? గరుకుగా ఉందా? ఎదురుగా గోడ మీద ఏం రాసుందో చదవండి. ఏం చప్పుళ్ళు వినబడుతున్నాయి?" మనిషిని ఇప్పటికీ ఇక్కడికీ తెచ్చే పద్ధతి ఇది. ఊపిరి అయితే మెల్లగా మూడు అంకెలు లోపలికి, మూడు అంకెలు బయటికి, పొట్ట కదిలేట్టు. గట్టిగా పెద్ద ఊపిరి తీయమంటే తల తిరుగుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, భయం రెట్టింపవుతుంది. శిక్షణలో అందరూ చేసే పొరపాటు ఇదే.

పెదకాకాని రోడ్డు · బుధవారం ఉదయం 7:00

గుంటూరు వైపు పల్లెలకి కూడా పంపుతారా? అయితే ఆత్మహత్య గురించి అడగడం విడిగా నేర్పాలి. "పిచ్చి ఆలోచనలేమన్నా వస్తున్నాయా?" అంటే ఎవరైనా లేదనే అంటారు. "ఇంత కష్టంలో కొందరికి చచ్చిపోవాలనిపిస్తుంది. మీకు అలా అనిపిస్తోందా?" అని ఆ మాటే వాడి అడగాలి. అడిగితే ఆలోచన పుట్టిస్తామన్నది అపోహ. అవునంటే ఎలా, ఎప్పుడు, చేతికందేట్టు ఏముంది, ముందెప్పుడైనా ప్రయత్నించారా అని వరసగా అడగాలి. మిరప, పత్తి వేసే ఇంట్లో పురుగుమందు డబ్బా మంచం కిందే ఉంటుంది. దాన్ని ఆ రోజే పక్కింటికో, తాళం పెట్టెలోకో చేర్పించడం గంటసేపు చెప్పే సలహా కన్నా ఎక్కువ పని చేస్తుంది. ఆ రాత్రి ఒంటరిగా వదలకూడదు. టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

కౌలు రైతైతే ముందు పంట సాగుదారు హక్కు కార్డు ఉందా అని కనుక్కోండి. పంట నష్టం పొలం యజమాని పేర పడుతుందేమోనన్న దిగులుకి కౌన్సెలింగ్ లేదు, రైతు సేవా కేంద్రంలో కలవాల్సిన మనిషి ఉన్నాడు.

ఎమ్మెస్సీ రెండో ఏడాది · బుధవారం ఉదయం 10:12

డిస్టెన్స్‌లో ఎమ్మే సైకాలజీ చేసినవాళ్ళు రావచ్చా? సర్టిఫికెట్‌తో కౌన్సెలింగ్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోవచ్చా?

నైట్ డ్యూటీ · బుధవారం ఉదయం 10:40

రావచ్చు. ఫస్ట్ ఎయిడ్‌కి డిగ్రీ అక్కర్లేదు, ఆశా కార్యకర్తకీ నేర్పొచ్చు. మూడు రోజుల కాగితంతో బోర్డు మాత్రం వద్దు. క్లినికల్ సైకాలజిస్ట్ అనుకోవాలంటే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) గుర్తించిన కోర్సు, రిజిస్ట్రేషన్ కావాలి. 2021 అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి వచ్చాక యూజీసీ 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలో ఆపేసింది. అది వేరే చర్చ, ఇక్కడ పొడిగించొద్దు.

బందరుకాలువ · బుధవారం రాత్రి 9:30

మార్చాను. సిద్ధాంతం 3 గంటలే. నైట్ డ్యూటీ గారి చీటీలు 2 గంటలు. పిల్లలు గంటన్నర, ఆత్మహత్య గంటన్నర. మిగతా 10 గంటల్లో తెలుగు మాటల పట్టిక, సచివాలయం కాగితాలు, ఊపిరి, అన్నిటికన్నా ఎక్కువ రోల్‌ప్లే. కొండపావులూరులోనే ఎన్‌డీఆర్‌ఎఫ్ 10వ బెటాలియన్ ఉంది కాబట్టి, శిబిరంలో ఎవరి మాట ఎవరు వినాలో చెప్పడానికి ఒకర్ని అడుగుతున్నాం. రోల్‌ప్లే ఎలా విడగొట్టాలి?

అరండల్‌పేట ట్రైనర్ · బుధవారం రాత్రి 10:15

ముగ్గురేసి: ఒకరు బాధితులు, ఒకరు కౌన్సెలర్, ఒకరు చూసేవాళ్ళు. నటన 8 నిమిషాలు, మాట 7 నిమిషాలు, పాత్రలు మార్చి మూడుసార్లు. ఒక సన్నివేశానికి 45 నిమిషాలు. ఎనిమిది సన్నివేశాలకి 6 గంటలు. 30 మందికి 10 బృందాలవుతాయి, ఒక ట్రైనర్ మూడు నాలుగు బృందాల్ని మించి చూడలేరు. ముగ్గురు ట్రైనర్లు లేకపోతే 24 మందినే తీసుకోండి. ఎవరి సొంత విషాదాన్నీ సన్నివేశంగా వాడనివ్వొద్దు. సింగ్‌నగర్ వాళ్ళే కొందరు వస్తారు కదా, ఇష్టం లేకపోతే ఆ విడత బయట కూర్చునే వీలుండాలి, కారణం అడక్కుండా.

రాతపరీక్ష తీసెయ్యండి. అందులో 90 వచ్చినవాళ్ళే శిబిరంలో "ధైర్యంగా ఉండండి" అంటారు. మూడో రోజు ఒక్కొక్కర్ని 8 నిమిషాలు నటింపజేసి చెక్‌లిస్టుతో చూడండి. డబ్ల్యూహెచ్‌ఓ, యునిసెఫ్‌ల ఈక్విప్ అనే శిక్షణ వేదికలో నైపుణ్యం కొలిచే ఎనాక్ట్ అనే పద్ధతి ఉంది, నాలుగు మెట్లు. ఒకటో మెట్టంటే హాని చేసే ప్రవర్తన: వాదించడం, తీర్పు చెప్పడం, బలవంతంగా చెప్పించడం. ఎంత బాగా చేసినా ఒకటో మెట్టు పడితే శిబిరానికి పంపొద్దు, మళ్ళీ శిక్షణ.

కొత్తపేట స్కూల్ · బుధవారం రాత్రి 10:48

నెల తర్వాత ఏంటో కూడా రాసిపెట్టుకోండి. అప్పటికీ పని చేసుకోలేకపోతున్నవాళ్ళకి ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్ (సమస్యల్ని సంభాళించుకోవడం నేర్పే డబ్ల్యూహెచ్‌ఓ పద్ధతి), ఐదు వారాలు, వారానికి 90 నిమిషాలు. పీసీఎల్-5 ఇచ్చే వేళ కూడా అప్పుడే. అసలైన పీటీఎస్‌డీ అయితే దానికి శిక్షణ ఉన్నవాళ్ళ దగ్గరికి. ఆగస్టు ఆఖరు వచ్చి రాత్రిపూట వాన గట్టిగా పడితే ఏడాది తర్వాత కూడా ఫోన్లు వస్తాయి, ఆ వారం ఎవరెవరు అందుబాటులో ఉంటారో ఇప్పుడే పేర్లు రాసుకోండి.

నైట్ డ్యూటీ · గురువారం ఉదయం 6:05

వెళ్ళేవాళ్ళ కోసం: ఎనిమిది గంటల షిఫ్టు, ఎప్పుడూ జంటగా, వెళ్ళేముందు ధనుర్వాతం ఇంజెక్షన్ చూసుకోవడం, రోజు చివర 20 నిమిషాలు షిఫ్టు అప్పగింత. అందులో "ఇవాళ ఏం చేశాం, రేపు ఎవర్ని మళ్ళీ చూడాలి" వరకే. అక్కడ కూడా డీబ్రీఫింగ్ పెట్టి అందర్నీ ఏడిపించొద్దు. తర్వాత పదిహేను రోజులకోసారి ఆరుగురేసి సూపర్‌విజన్.

బందరుకాలువ · గురువారం ఉదయం 8:00

24 మందికి తగ్గించాం. ఆరుగురు వెయిటింగ్‌లో. ముగ్గురు ట్రైనర్లలో ఒకరు ఇంకా దొరకలేదు, గుంటూరు నుంచి ఎవరైనా వస్తే బస్సు ఛార్జీ, భోజనం మావి. మెట్లున్న హాలు కూడా కావాలి.

సాయంత్రం బ్యాచ్ · గురువారం ఉదయం 8:11

మెట్లెందుకు?

అరండల్‌పేట ట్రైనర్ · గురువారం ఉదయం 8:14

ఒక మెట్టు కింద కూర్చోవడం కుర్చీల్లో నేర్పలేం. పాత పేపర్లు, ఓ పది ప్లాస్టిక్ కవర్లు కూడా తెప్పించండి, కాగితాలు నిజంగా తడిపి ఇద్దాం.